బ్లాక్‌బెర్రీ: ఏ గడను కోయాలి, దేన్ని వదలాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి తోటల పేజీల్లో బ్లాక్‌బెర్రీ గురించి పదేపదే కనిపించే సలహా ఒకటుంది: చలికాలం చివర దుబ్బును నేలమట్టంగా కోసెయ్యండి, కొత్త చిగుళ్లు లేచి విరగకాస్తుంది అని. కొన్ని రకాలకు ఇది అక్షరాలా సరైన మాటే. మిగతా రకాలకు ఇలా చేస్తే ఆ ఏడు ఒక్క పండు రాదు. మరుసటి ఏడు మళ్లీ అదే పని చేస్తే అప్పుడూ రాదు. మొక్క మాత్రం ప్రతిసారీ ఏపుగా లేస్తుంది, కళకళలాడుతుంది, కాయదు. ఎరువు చాలలేదేమోనని ఎరువు వేస్తారు, నీరు చాలలేదేమోనని నీరు పెడతారు. తప్పు కత్తెరది, శిక్ష వేరుకి.

అందుకే మొక్క నడకను కాస్త వివరంగా చెప్పాలి. బ్లాక్‌బెర్రీ వేరు చాలా ఏళ్లు బతుకుతుంది. మంచి నేలలో పదిహేనేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. నేలలోంచి లేచే పొడవాటి కొమ్మ, దాన్ని ఈ ఉత్తరంలో గడ అంటాను, బతికేది రెండేళ్లే. మొదటి ఏడు అది పెరుగుతుంది, ఆకు వేస్తుంది. చలికాలం నిద్రపోతుంది. రెండో ఏడు దాని పక్క మొగ్గల్లోంచి చిన్న రెమ్మలు వచ్చి, వాటి మీద పూలు, పండ్లు వస్తాయి. ఆ కాపు అయ్యాక గడ ఎండిపోతుంది. ఈలోగా అదే దుబ్బు నుంచి మరుసటి ఏటి గడలు లేస్తూనే ఉంటాయి. కాబట్టి ఎదిగిన దుబ్బులో ఎప్పుడు చూసినా రెండు వయసుల గడలు పక్కపక్కనే ఉంటాయి. చలికాలం చివర అన్నీ నరికితే, పూత మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి.

ఈ నియమానికి లోబడని రకాలున్నాయి. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయం 2004లో ప్రైమ్‌జాన్, ప్రైమ్‌జిమ్ అనే రెండు రకాలు విడుదల చేసింది. వీటిలో కొత్త గడ మొదటి ఏడే, కొస దగ్గర పూసి కాస్తుంది. తరువాత వచ్చిన ప్రైమ్ఆర్క్ వరుస రకాలదీ ఇదే స్వభావం. నేలమట్టపు కోత వీటికి చెల్లుతుంది: కోసేస్తే ఏడాదికి ఒకే కాపు, ఆలస్యంగా వస్తుంది, కోయకుండా, కాసిన కొసలు మాత్రం తీసేస్తే, అదే గడ కింది భాగం మరుసటి ఏడు మరోసారి కాస్తుంది. వీటికీ ఒక ఇబ్బంది ఉంది. పూత సమయంలో పగటి వేడి 29, 30 డిగ్రీల సెల్సియస్ దాటితే కొత్త గడల మీద పిందె సరిగ్గా నిలవదు. ఎండ తీవ్రంగా ఉండే చోట ఈ రకం తెచ్చి, పైగా నేలమట్టంగా కోస్తే, ఉన్న ఒక్క కాపునూ వేసవికి అప్పజెప్పినట్టే.

ఏ గడ ఏదో గుర్తుపట్టడం మొదట్లో కష్టంగా ఉంటుంది గానీ ఆనవాళ్లున్నాయి. కొత్త గడ పచ్చగా, కాస్త రసం నిండినట్టు, పక్క రెమ్మలు లేకుండా నేరుగా లేస్తుంది. ఆకుకు సాధారణంగా అయిదు చిన్నాకులు. పాత గడ గోధుమ రంగుకు తిరిగి, బెరడు గట్టిపడి ఉంటుంది. దాని పూల రెమ్మల మీద ఎక్కువగా మూడేసి చిన్నాకులు. అయినా నమ్మకం కుదరకపోతే ఒక రిబ్బను ముక్క చాలు: కొత్త గడ మోకాలెత్తు రాగానే కట్టండి. కాపు ముగిశాక రిబ్బను లేనిది కోయండి. మరుసటి ఏడు కొత్త గడలకు వేరే రంగు.

కాపు అయిన గడను ఎండేదాకా ఉంచక్కర్లేదు. చివరి పండు కోసిన వారం పది రోజుల్లో నేల దగ్గరకు కోసేయవచ్చు. మోడు మిగల్చకండి, తెగుళ్లు దాక్కునేది అక్కడే. కొందరు పాత గడలోని సత్తువ వేరుకు దిగాలని నెలల తరబడి ఉంచుతారు. దానివల్ల కలిగే లాభం కంటే, కొత్త గడలకు గాలి వెలుతురు ఆడక వచ్చే నష్టమే ఎక్కువ.

కొత్త గడల పని వేరు. నిటారుగా పెరిగే రకాల్లో గడ సుమారు ఒక మీటరు ఎత్తు రాగానే కొసను గిల్లేయాలి. ఎందుకంటే కొస మొగ్గ ఉన్నంతసేపు పక్క మొగ్గలను పెరగనివ్వదు. కొస పోతే నాలుగైదు పక్క కొమ్మలు వస్తాయి. మరుసటి ఏటి పండ్లలో ఎక్కువ భాగం వాటి మీదే. గిల్లేది అయిదు నుంచి పది సెంటీమీటర్ల లేత కొస మాత్రమే, వేళ్లతో తుంచగలిగినంత. ఆలస్యం చేసి గట్టిపడిన చోట కత్తెరతో కోస్తే గాయం పెద్దది, గడ ఎండు తెగులు అందులోంచే దూరుతుంది. వాన పడేటప్పుడు గానీ పడబోయే ముందు గానీ ఈ పని పెట్టుకోవద్దు. గడలన్నీ ఒకేసారి మీటరు ఎత్తుకు రావు కాబట్టి వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు తిరగాల్సిందే. చలికాలం చివర, మొగ్గలు ఉబ్బకముందు, పక్క కొమ్మలను 30 నుంచి 45 సెంటీమీటర్లకు కురచ చేయాలి. దుబ్బుకు నాలుగు నుంచి ఆరు బలమైన గడలు ఉంచి, పెన్సిల్ కంటే సన్నవి తీసేయాలి. పొడవుగా వదిలిన కొమ్మ మీద పండ్లు ఎక్కువే కాస్తాయి గానీ చిన్నగా, చప్పగా ఉంటాయి.

పాకే రకాలకు కొస గిల్లడం లేదు. రాటలు పాతి, నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, 150 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి ఇనుప తీగలు లాగి, కాసే గడలను ఒకవైపు, కొత్త గడలను రెండోవైపు కట్టడం అన్నిటికంటే తేలిక. కాపు అయ్యాక ఒక వైపంతా కోసేస్తే సరి, వెతుక్కునే పని లేదు. ఈ పద్ధతిలో రిబ్బను కూడా అక్కర్లేదు.

ఇక రకం ఎంపిక. ముళ్లున్నదా లేనిదా అన్నదే అందరూ చూస్తారు. అంతకంటే ముందు అడగాల్సింది చలి లెక్క. చాలా రకాల మొగ్గలు విచ్చుకోవాలంటే చలికాలంలో సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ వేడిమిలో కొన్ని వందల గంటలు గడవాలి. నవాహో, అపాచీ రకాలకు 800 నుంచి 900 గంటల దాకా కావాలి. అరపాహోకు 400 నుంచి 500 గంటలు. నాచెజ్‌కు 300 గంటల ప్రాంతంలో సరిపోతుంది. చలి చాలకపోతే మొక్క చావదు. మొగ్గలు కొన్ని విచ్చుకుంటాయి, కొన్ని మూసుకునే ఉంటాయి, పూత విడతలు విడతలుగా వచ్చి పోతుంది. చలి సరిగా తగలని చోట 900 గంటల రకాన్ని నాటి ఎంత సేవ చేసినా ఫలితం ఆకే. రకం పేరు రాయకుండా ఒట్టి బ్లాక్‌బెర్రీ మొక్క అని ఇస్తే తీసుకోవద్దనేది ఇందుకే.

అసలది బ్లాక్‌బెర్రీయేనా అన్నదీ చూసుకోవాలి. మన భాషలో ఈ పేరు చుట్టూ గందరగోళం ఎక్కువ. నేరేడును ఇంగ్లిష్‌లో కొందరు ఇండియన్ బ్లాక్‌బెర్రీ అంటారు, దాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చేవారు బ్లాక్‌బెర్రీ అంటే నేరేడేనని రాసేస్తారు. నేరేడు చెట్టు, లోపల ఒకటే గింజ. దీనికీ దానికీ చుట్టరికం లేదు. బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన పొద. మల్బరీతో పొరపాటు ఇంకా సులువు, ఎందుకంటే పండు అచ్చం అలాగే ఉంటుంది. ఆకు చూడండి: మల్బరీకి ఒకే ఆకు, బ్లాక్‌బెర్రీకి ఒకే తొడిమ మీద మూడో అయిదో చిన్నాకులు, అంచులు రంపపు పళ్లలా. రాస్ప్‌బెర్రీకి ఆకు పోలిక ఉంటుంది గానీ, పండు కోస్తే మధ్య తెల్లని దిండు మొక్క మీదే ఉండిపోయి పండు టోపీలా బోలుగా వస్తుంది. బ్లాక్‌బెర్రీలో ఆ దిండు పండుతోనే వస్తుంది. నల్ల రాస్ప్‌బెర్రీ అని ఒకటుంది కాబట్టి రంగును నమ్మవద్దు.

పేర్ల పొరపాటు పెద్దవాళ్లకూ తప్పలేదు. లూథర్ బర్బాంక్ అనే ప్రసిద్ధ మొక్కల పెంపకందారు 1885లో ఇండియా నుంచి వచ్చిన విత్తనాలతో ఒక రకాన్ని హిమాలయా జెయింట్ అని అమెరికాలో ప్రవేశపెట్టాడు. దాని అసలు ఇల్లు హిమాలయం కాదు, ఆర్మీనియా ప్రాంతం. పండు బాగుంటుంది, అందుకే నాటారు. ఇప్పుడు ఆ దేశపు వాయవ్య రాష్ట్రాల్లో అదొక వదలని కలుపు. ఆస్ట్రేలియాలో కూడా అడవి బ్లాక్‌బెర్రీని జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాలో పెట్టారు. కారణం సులువైనదే: పాకే గడ కొస నేలను తాకిన చోటల్లా వేరు వేసి కొత్త మొక్క అవుతుంది, పిట్టలు గింజలను మోసుకుపోతాయి. కంచె పక్కన నాటేవాళ్లు కొసలు నేలకు తాకకుండా కట్టుకోవాలి. కోసిన పచ్చి గడలను తడి నేల మీద పడేసినా, కంపోస్టు గుంతలో వేసినా అవే మళ్లీ లేవవచ్చు. ఎండనిచ్చి, అప్పుడు వదిలించుకోవాలి.

అదే గుణం మొక్కలు చేసుకోవడానికి పనికొస్తుంది. వేసవి చివర కొసను ఎనిమిది పది సెంటీమీటర్ల లోతున మట్టిలో పూడ్చి రాయి పెడితే కొన్ని వారాలకు వేరు వేస్తుంది. నిటారు రకాలకు పెన్సిల్ మందం వేరు ముక్కలు, పది నుంచి పదిహేను సెంటీమీటర్లవి, అయిదారు సెంటీమీటర్ల లోతున అడ్డంగా పెడతారు. ఇక్కడొక చిక్కు. ముళ్లు లేని పాత రకాల్లో కొన్నిటికి, థార్న్‌లెస్ ఎవర్‌గ్రీన్ లాంటివాటికి, ముళ్లు లేనితనం పై పొరలోనే ఉంటుంది. వేరు ముక్క నుంచి లేచిన పిలకకు ముళ్లు వచ్చేస్తాయి. అలాంటివాటికి కొస అంటు ఒక్కటే దారి. ముళ్లు లేని దుబ్బు పక్కన హఠాత్తుగా ముళ్ల పిలక కనిపిస్తే పిట్ట వేసిన గింజ అనుకోకండి, చాలాసార్లు అది పార తగిలిన వేరు పని. దాన్ని వేరుతో సహా పీకాలి. వదిలితే ముళ్లదే పైచేయి.

నేల విషయంలో బ్లాక్‌బెర్రీ అంత పట్టింపు గలది కాదు, రెండు సంగతుల్లో తప్ప. నీరు నిలవకూడదు, నిలిచే చోట 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి నాటాలి. నేల పులుపును కొలిచే ఉదజని సూచిక (పీహెచ్) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. 7 దాటితే లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి; నేలలో ఇనుము ఉండీ వేరుకు అందకపోవడం అది. గంధకం కలిపి సరిచేయవచ్చు గానీ నెలలు పడుతుంది, నాటాక కాదు, నాటే ముందే చేయాలి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పండించిన మడిలో మూడు నాలుగేళ్ల దాకా నాటకపోవడం మంచిది. వాటి వడలు తెగులు శిలీంద్రం నేలలో ఉండిపోయి దీనికీ పడుతుంది.

నిటారు రకాలకు మొక్కకూ మొక్కకూ 90 నుంచి 120 సెంటీమీటర్లు, పాకేవాటికి రెండు మీటర్లకు తగ్గకుండా. నర్సరీ సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటాలి. కుండీలో పెంచేవారు కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పున్న దాన్ని ఎంచుకోవాలి, నిటారు రకమే పెట్టాలి. వేళ్లు ఎక్కువ భాగం పైపైనే ఉంటాయి కాబట్టి లోతుగా తవ్వి కలుపు తీయకూడదు. తవ్విన ప్రతిచోటా వేరు తెగి పిలక లేస్తుంది. దానికి బదులు ఎండుటాకులో చెక్క పొట్టో ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన పరచండి, మొదలుకు తగలకుండా. నీరు వారానికి రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల వానకు సమానం. కాయ ఊరే రోజుల్లో ఎక్కువ అంచు, మిగతా రోజుల్లో తక్కువ అంచు. ఆకుల మీద కాక మొదట్లో పోయాలి. ఎరువు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు: చలికాలం చివర బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు కిలోలు, కాపు అయ్యాక ఇంకొంచెం. నత్రజని మోతాదు మించితే గడలు లావెక్కి పండు మెత్తబడుతుంది. పొటాష్ వేసేవాళ్లు మ్యూరియేట్, అంటే క్లోరైడ్, రూపంలో కాక సల్ఫేట్ రూపంలో వేయాలి, ఈ మొక్కకు క్లోరైడ్ పడదు.

పండులో కనిపించే లోపాలను పాఠకులు ఎక్కువగా కలగాపులగం చేసుకుంటారు. పండు అంటే నిజానికి ఒక పండు కాదు, ఒక్కో పువ్వులోని చాలా అండాశయాలు ఒక్కో పూసగా ఊరి కలిసిన గుత్తి. ఏ పూస రంగు ఎందుకు మారిందో చూస్తే కారణం దొరుకుతుంది.

ఎండ తగిలే వైపున కొన్ని పూసలు తెల్లగా, పాలిపోయి ఉంటే అది ఎండ దెబ్బ, తెగులు కాదు. తినవచ్చు. వేడి రోజుల్లో 30 శాతం నీడ వల కడితే తగ్గుతుంది. కొన్ని పూసలు ఎర్రగా, గట్టిగా, పుల్లగా ఉండిపోయి ఎన్నాళ్లున్నా నల్లబడకపోతే అది కంటికి కనపడని నల్లి పని. అది మొగ్గల పొలుసుల్లో చలికాలం గడుపుతుంది; కాపు చివరికి వచ్చేకొద్దీ ఉధృతి పెరుగుతుంది. కాసిన గడలను, మిగిలిపోయిన ఎర్ర కాయలను వెంటనే తీసేయడమే సగం వైద్యం. మొక్క నిద్రలో ఉన్నప్పుడు గంధకం మందు మిగతా సగం. మూడోది విచిత్రమైనది: కోసినప్పుడు నిగనిగలాడే నల్ల పండు, ఫ్రిజ్‌లో పెట్టి తీసేసరికి అక్కడక్కడ ఎర్రపూసలు. ఎండవేళ కోసి, వేళ్లతో నొక్కి, వెంటనే బాగా చల్లార్చడం వల్ల పూసల కణాలు చితికి రంగు మారుతుంది. పొద్దున్నే, మంచు తడి ఆరాక, ఎండ ఎక్కకముందు కోస్తే ఇది చాలావరకు ఉండదు. ఇక పండు వంకరగా, పూసలు తక్కువగా ఉంటే పరాగ సంపర్కం చాలలేదని అర్థం. ఈ మొక్కకు జోడీ రకం అక్కర్లేదు గానీ తేనెటీగలు కావాలి. పూత మీద పురుగుమందు కొట్టిన తోటలో ఈ వంకర పండ్లే కనిపిస్తాయి.

ఆకు అడుగున వసంతంలో నారింజ రంగు పొడి కనిపిస్తే మాత్రం ఆలోచన వద్దు. ఆ కుంకుమ తెగులు మొక్క ఒంట్లో వేరు దాకా పాకి ఉంటుంది, కొమ్మ కోస్తే పోదు. పొడి రాలకముందే దుబ్బును వేళ్లతో సహా తీసి దూరంగా పారేయాలి. బూజు తెగులుకు గాలి ఆడనివ్వడం, పండిన వెంటనే కోయడం కంటే మంచి మందు లేదు. పండులో సన్నని తెల్ల పురుగులుంటే చిన్న పండు ఈగ వాలిందన్నమాట. గుప్పెడు పండ్లను ఉప్పు నీళ్లలో అరగంట ఉంచితే పైకి వస్తాయి. రెండు రోజులకోసారి కోయడం, నేల రాలినవి ఏరేయడం తప్పనిసరి.

కోత గురించి ఒక్క మాట. నల్లబడగానే తీపి రాదు. మెరిసే నలుపు ఇంకా పులుపే. మెరుపు పోయి మసక నలుపుకు తిరిగి, వేలు ఆనించి కాస్త లాగగానే చేతిలోకి వచ్చే పండు తీపి. కోశాక పండేది ఇందులో లేదు, కాబట్టి ఎర్రటివి కోసి మాగబెట్టే ఆలోచన వదలండి. లోతు తక్కువ గిన్నెలో రెండు మూడు వరసలకు మించకుండా వేయాలి. కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి తినే ముందు కడగాలి; రెండు మూడు రోజుల్లో వాడేయాలి. ఎక్కువైతే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పళ్లెంలో ఒకే వరసగా గడ్డకట్టించి, తరువాత సంచిలో పోయాలి. ముద్ద కట్టవు.

జామ్‌కు కిలో పండ్లకు 750 గ్రాముల పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం. పండ్లలో పదో వంతు ఇంకా ఎరుపు వదలనివి కలపండి, చిక్కబరిచే పెక్టిన్ వాటిలోనే ఎక్కువ. బాగా మిగలపండినవాటితోనే చేస్తే జామ్ పాకంలా జారుతుంది. ముందు పండ్లు, నిమ్మరసం, అరకప్పు నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు ఉడికించాలి. గింజలు పంటికి తగులుతాయనుకుంటే సగం గుజ్జును జల్లెడలో రుద్దాలి. ఆ తరువాతే పంచదార, కరిగేదాకా సన్న మంట, కరిగాక పెద్ద మంట, 104 లేదా 105 డిగ్రీలు వచ్చేదాకా. చల్లని పళ్లెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడతపడాలి. వేడి చేసిన శుభ్రమైన సీసాలో వేడిగానే పోయాలి. పంచదార ఇంకా తగ్గించుకుంటే ఫ్రిజ్‌లోనే ఉంచాలి, అది ఎక్కువ కాలం నిలవదు. పాత్ర స్టీలుదే వాడండి. ఇనుము, అల్యూమినియం గిన్నెల్లో పులుపు తగిలి రంగు చెడుతుంది. ఈ పండు రంగు పులుపులో ఎర్రగా, క్షారంలో నీలంగా తిరుగుతుంది; వంటసోడా పడిన కేకులో పండు చుట్టూ నీలి, ఆకుపచ్చ మచ్చలు కనిపించేది అందుకే. బూజు అనుకుని పారేయకండి.

సంపాదకులకు ఒక మనవి. ఇకమీదట బ్లాక్‌బెర్రీ కత్తిరింపుపై సలహా అచ్చువేసేటప్పుడు రకం పేరు, అది కాసేది మొదటి ఏటి గడ మీదో రెండో ఏటి గడ మీదో, దానికి కావలసిన చలి గంటలు, ఈ మూడూ ఆ సలహా పక్కనే వేయించండి. ఒక్క వరుసలో పట్టేస్తుంది.

ఇట్లు,
పండ్ల మొక్కల పెంపకం తెలిసిన ఒక పాఠకుడు